పెద్దవాలు పొడిగానే ఉంది

మనిషి చక్రాన్ని కనిపెట్టడం నాగరికతకు ఆరంభం. ఆ చక్రానికి అనుమతిపత్రం కనిపెట్టడం నాగరికతకు పరాకాష్ఠ. మొదటిది కనిపెట్టినవాడెవడో చరిత్రకు తెలియదు. రెండోది మాత్రం కొండమీది ఊరి పురపాలక సంఘంలో చక్రాల విభాగం వారి ఘనత. (ఆ మొదటివాడు ఇప్పుడు బతికుంటే, ముందస్తు అనుమతి లేకుండా కనిపెట్టినందుకు తాఖీదు అందుకునేవాడు.)

ఆ ఊరంతా వాలు. వీధులు ఇరుకు, కార్లు పట్టవు. అందుకని కొండ దిగడానికి జనం పొడుగు స్కేట్‌బోర్డులు వాడతారు. ఊళ్లో వాటిని బల్లలంటారు. కిందికి బల్లమీద జారుకుంటూ పోవడం, పైకి బల్లను చంకలో పెట్టుకుని కేబుల్ బండిలో రావడం. పాలాయనైనా అంతే, పంతులమ్మైనా అంతే.

బల్లకు ప్రాణం చక్రాలు. మెత్త చక్రం రోడ్డును పట్టుకుంటుంది. గరుకు రాళ్ల మీదా, తడి మీదా అదే దిక్కు. గట్టి చక్రం నున్నటి పొడి నేలమీద బాణంలా పోతుంది, తడి తగిలితే సబ్బుబిళ్ల అయిపోతుంది. పెద్ద చక్రం గులకరాళ్లను ఖాతరు చేయదు. చిన్న చక్రం గులకరాయి తగిలితే టక్కున ఆగుతుంది, పైనున్న మనిషి మాత్రం ఆగడు. ఈ సంగతులు ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన విషయం కాబట్టి దానికొక విభాగం అవసరమైంది.

విభాగం రాకముందు జనం పొద్దున్నే తలెత్తి ఆకాశం చూసి, ఏ చక్రాలు బిగించుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకునేవారు. ఆకాశానికి ఏ అధికారమూ దఖలు పరచలేదని సంఘం గుర్తించింది. 'ఏ వీధికి ఆ చక్రం' నిబంధనలు వచ్చాయి. ప్రతి వీధినీ సర్వే చేసి నున్నదా గరుకుదా, పొడిదా తడిదా అని తేల్చి, దానికి తగిన చక్రాన్ని ఖరారు చేశారు. వాలు చివర తనిఖీ గేటు పెట్టారు. వేరే చక్రాలతో దిగితే బల్ల జప్తు.

చక్రాల పోషణ సంగతీ విభాగమే చూసుకుంది. చక్రాలు ఒకే పక్క అరగకుండా ముందు కుడిదాన్ని వెనక ఎడమకు మార్చుకోవడం జనానికి అలవాటు. నిబంధనల ప్రకారం అది బదిలీ. బదిలీకి ఉత్తర్వు కావాలి. బదిలీల మీద నిషేధం ఉన్న కాలంలో ఏ చక్రమైనా ఉన్నచోటే ఉండి అరగాలి. (ఒక వెనక చక్రం పైవాళ్ల సిఫారసుతో ముందుకు వచ్చిందన్న ఆరోపణపై విచారణ సాగుతోంది.) బేరింగులు ఊడదీసి, మట్టి తుడిచి, ఆరబెట్టి, చుక్క నూనె వేయడానికి కూడా అనుమతి కావాలి. చక్రాన్నీ బేరింగునూ విడదీయాలంటే ఉభయుల అంగీకారం తప్పనిసరి. బేరింగుకు నోరు లేదు కాబట్టి, దాని తరఫున విభాగమే అభ్యంతరం తెలిపేది.

ఈ విభాగానికి పెద్ద, చక్రాల అధికారి. నిప్పులాంటి మనిషని పేరు. నిప్పు పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి మధ్యాహ్నం ఒక్కడే భోంచేసేవాడు. భార్య పోయిన రోజున సెలవుచీటీలో కారణం దగ్గర 'సొంత పని' అని రాశాడు. ఉన్న గడుల్లో దానికి దగ్గరగా ఉన్నది అదే. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా బల్లెక్కలేదు. ఎక్కినవాడికి పక్షపాతం ఉంటుందని ఆయన నమ్మకం.

ఇంట్లో ఆయన అక్క, ఆయన కూతురు ఉంటారు. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే సంచి వీపుకు తగిలించుకుని, బల్లమీద పెద్దవాలు దిగి, మంచానపడ్డ వాళ్ల ఇళ్లకు మందులు చేరవేయడం ఆమె పని. పెద్దవాలు ఊళ్లోకెల్లా నిటారు వీధి. విభాగం దృష్టిలో అది 'నున్నది, పొడిది'. కాబట్టి గట్టి చక్రాలే వేసుకోవాలి.

వానలు మొదలయ్యాయి.

"నాన్నా, రేపు మెత్త చక్రాలు వేసుకుంటా. ఇవాళ మలుపు దగ్గర గోడకి కొట్టుకోబోయాను" అంది కూతురు, అన్నం ముందు కూర్చుని.

"వేసుకో. కింద పట్టుకుంటారు."

"పట్టుకునేది మీవాళ్లేగా?"

"మావాళ్లు కాబట్టే పట్టుకుంటారు."

"బల్ల పోతే ఉద్యోగం పోతుంది నాన్నా. షాపాయన మొహమాటం లేకుండా చెప్పేశాడు. బల్ల లేనిదాన్ని ఏం చేసుకోను అన్నాడు."

"అయితే గట్టివే వేసుకో."

"వాటితో వెళ్తే నేనే పోతా!"

అక్క గరిటె కింద పెట్టింది. "ఒరేయ్, లేచి ఆ కిటికీ తియ్యి. బయట పడుతున్నది వానా, పూలా? చూసి చెప్పు."

"సర్వే కాకుండా నేనేం చెప్పగలను అక్కా?"

ఇందులో ఆయన తప్పు లేదు. వీధి తడిగా ఉందని తేల్చాలంటే సర్వే సిబ్బంది వెళ్లి చూడాలి. కొలతల కాగితాలు తడుస్తాయి కాబట్టి వాన పడుతున్నప్పుడు సర్వేకు వెళ్లరాదని నిబంధన. వాన వెలిసి, కాగితాలకు ప్రమాదం లేదని నిర్ధారించుకుని వెళ్లేసరికి వీధి ఆరిపోయి ఉండేది. అందువల్ల విభాగం పుట్టినప్పటినుంచీ ఊళ్లో ఒక్క వీధి కూడా తడిసిన దాఖలా లేదు. (ఈ విజయాన్ని చూసి నేర్చుకోవడానికి పక్క ఊరి నుంచి ఒక బృందం వచ్చింది. గొడుగులేసుకుని వచ్చింది.)

అయితే ఒక దారి ఉంది. అత్యవసర మినహాయింపు. అధికారి సంతకం చేసి ముద్ర వేస్తే ఎవరైనా ఏ చక్రాలైనా వేసుకోవచ్చు. ఆయన దాన్ని ఎప్పుడూ వాడలేదు. వాడని అధికారం కొత్త గొడుగు లాంటిదనీ, ఒకసారి తడిస్తే పాతబడిపోతుందనీ ఆయన అభిప్రాయం.

"ఆ మినహాయింపేదో రాసివ్వొచ్చుగా? నీ చేతిలో పనేగా?" అంది కూతురు.

"ఇంట్లో అర్జీలు తీసుకోను. రేపు ఆఫీసుకు రా. లైన్లో నిలబడు."

"నీ కూతుర్రా అది!" అంది అక్క.

"ఆ సంగతి అర్జీలో రాయమను."

మర్నాడు పొద్దున్నే కూతురు మందుల సంచితో, బల్లతో వచ్చి లైన్లో నిలబడింది. బయట కుండపోత. ఆమె ముందు పాలాయన ఉన్నాడు. ఆయనదీ అదే అర్జీ. వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నువ్వేంటమ్మాయ్, నా వెనకాల?"

"మావాడు నన్ను చూస్తే గరిటె దాచేస్తాడు బాబాయ్."

పాలాయన అర్జీని అధికారి తిప్పికొట్టాడు. అమ్మాయి కిటికీ ముందుకు వచ్చింది. ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు.

"అర్జీదారుకు అధికారితో బంధుత్వం ఏమైనా ఉందా?"

"మీరే చెప్పండి."

"అడిగేది నేను."

"కూతుర్ననుకుంటా."

"అనుకోవడాలు కుదరవు. ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే ఈ అర్జీ నేను చూడకూడదు. పక్క కిటికీకి వెళ్లండి."

పక్క కిటికీ ఉప అధికారిది. ఆ కుర్చీ చాలాకాలంగా ఖాళీ. దాని అదనపు బాధ్యతలు కూడా ఈయనవే. ఆయన లేచి, కళ్లజోడు తుడుచుకుని, నాలుగడుగులు వేసి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పండమ్మా, ఏం కావాలి?" అన్నాడు. ఆ కుర్చీలో ఆయన గొంతు కాస్త మెత్తబడినట్టు లైన్లో వాళ్లకు అనిపించింది.

ఆమె మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఉప అధికారి హోదాలో ఆయన శ్రద్ధగా విన్నాడు. కోరిక సమంజసంగానే ఉందని తల ఊపాడు. అమ్మాయి ముఖం విప్పారింది. అయితే సంతకానికి ముందు అధికారి అభిప్రాయం తప్పనిసరి. అర్జీ పట్టుకుని మొదటి కుర్చీకి వెళ్లాడు. అర్జీదారు తన కూతురు కావడంతో అభిప్రాయం చెప్పడానికి అధికారి నిరాకరించాడు. వెనక్కి వచ్చాడు. అభిప్రాయం లేని అర్జీని ఉప అధికారి తిప్పి పంపాడు. మళ్లీ వెళ్లాడు. ఇలా కాసేపు జరిగాక, జాప్యానికి కారణమేమిటని ఉప అధికారి కాస్త కటువుగా అడిగాడు. కిందివాడు తనను అలా అడగడం అధికారికి నొప్పి కలిగించింది.

బంట్రోతు గ్లాసు పట్టుకుని రెండు కుర్చీల మధ్యా నిలబడిపోయాడు. "సార్, టీ ఏ కుర్చీకి పెట్టమంటారు?"

"ఉండవయ్యా. ఇక్కడ భేదాభిప్రాయం నడుస్తోంది."

అమ్మాయికి ఓపిక చచ్చిపోయింది. తడిసిన పాంటు అంచు పట్టుకుని కిటికీ ముందే పిండింది. నీళ్లు నేలమీద మడుగు కట్టాయి.

"ఇవి చూడండి సార్. పెద్దవాలు మొదట్లో కాసేపు నిలబడితే వచ్చిన నీళ్లు. ఇప్పుడు చెప్పండి, రోడ్డు తడిగా ఉందా లేదా?"

"ఇవి మీ పాంటు నీళ్లు. రోడ్డువనడానికి ఆధారం లేదు."

"పాలల్లో నీళ్లెక్కడివని ఎవరైనా అడిగితే ఇకనుంచి నేనూ ఇదే చెప్తా సార్" అన్నాడు పాలాయన. లైనంతా నవ్వింది.

ఆ నవ్వుతోనే పని చెడింది. అప్పటికే ఆయన చేయి సొరుగులోకి వెళ్లింది. మినహాయింపు ముద్ర వేళ్లకు తగిలింది. చల్లగా, కొత్తగా, ఒక్క చుక్క సిరా అంటకుండా ఉంది. తలెత్తి చూశాడు. లైన్లో అన్ని కళ్లూ ఆ సొరుగు మీదే ఉన్నాయి. ఊళ్లో వాళ్లందరికీ లేదన్న ముద్ర మొదటిసారి కూతురికి వేస్తే, నిప్పులాంటి మనిషి అన్న పేరు సాయంత్రానికి బూడిద. చేయి ఖాళీగా బయటికి వచ్చింది. సొరుగు మూసుకుంది.

"తిరస్కరించడమైనది" అన్నాడు. (ఏ హోదాలో అన్నాడో నేటికీ స్పష్టత లేదు.)

ఆమె కిటికీ మీదికి వంగింది. సార్ అనడం మానేసింది.

"నాన్నా, ఒక్కమాట చెప్పు. నువ్వే నేనైతే ఇవాళ ఏ చక్రాలు వేసుకుంటావు?"

"నేను నడిచి వెళ్తాను."

"నడిస్తే సాయంత్రమవుతుంది. అంతదాకా వాళ్లు మందుల్లేకుండా పడుండాలా? షాపాయన ఊరుకుంటాడా?"

ఆయన దగ్గర దీనికి నిబంధన లేదు. "మెల్లగా వెళ్లమ్మా" అన్నాడు. అది అధికారిక సలహా కాదు.

ఆమె గట్టి చక్రాలతోనే వెళ్లింది.

మలుపు దాకా అన్నీ సక్రమంగానే జరిగాయి. మలుపులో చక్రాలు నిబంధనల ప్రకారం తిరిగాయి. బల్ల కూడా చెప్పినట్టే ఒరిగింది. రోడ్డొక్కటే విభాగం మాట వినలేదు. అమ్మాయి గోడకు కొట్టుకుని, అక్కడినుంచి తనిఖీ గేటు దాకా దొర్లుకుంటూ వచ్చింది. సీసాలు పగిలి మందులు వాననీళ్లలో కలిసిపోయాయి. గేటు సిబ్బంది పరుగున వచ్చారు. ముందు బల్లను తిరగేసి నాలుగు చక్రాలూ నొక్కి చూశారు. నాలుగూ సరైన గట్టిదనంతో ఉన్నాయని తృప్తిపడ్డాక అమ్మాయిని లేపారు. కుడి మోచేయి లేవకూడని వైపుకు లేచింది.

అధికారి ఆసుపత్రికి ఆదరాబాదరా వచ్చాడు. చెప్పులు తడిసి కిచకిచమంటున్నాయి. ముఖంలో రక్తం లేదు. మంచం దగ్గర వంగి, కూతురి నుదుటి మీద చేయి వేశాడు. అదంతా తండ్రిలాగే చేశాడు. తర్వాత నోరు తెరిచాడు.

"భయపడకు. గేటు వాళ్లతో మాట్లాడా. చక్రాల్లో ఏ లోపమూ లేదట. నీ మీద కేసేమీ ఉండదు."

కూతురు గోడవైపు తిరిగింది.

"ఒరేయ్, దాని చెయ్యి విరిగిందిరా!" అంది అక్క.

"చెయ్యి మా విభాగం కిందికి రాదక్కా."

"ఎలా పడ్డావంటే ఏం చెప్పమంటావు డాక్టరుకి?"

"కాలు జారిందని చెప్పమను. రోడ్డు తడి అని మాత్రం అనొద్దు. తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. దానికే ఇబ్బంది."

షాపాయన పండ్లు పంపించాడు. పండ్లు తెచ్చిన మనిషే ఆమె వీపు సంచి అడిగి పట్టుకెళ్లాడు. ఇకమీదట మందులు చేరవేసేది అతనే. మోచేతిలో ఇనపముక్క పెట్టాల్సి వచ్చింది. చేయి ఇకమీద సగమే చాపగలదని, బల్లమీద తూకం నిలపాలంటే రెండు చేతులూ కావాలని డాక్టరు చెప్పాడు. కూతురు ఇంటికొచ్చాక అత్తతో మాట్లాడేది. వంటగది గుమ్మంలో తండ్రి నీడ పడితే మాట ఆపేసేది. ఆయన రోజూ ఆఫీసు నుంచి రాగానే "నొప్పి ఎలా ఉంది?" అని అడిగేవాడు. అడిగి, జవాబు కోసం తగినంత వ్యవధి ఇచ్చి, లోపలికి వెళ్లిపోయేవాడు.

సంఘం ఈ ఘటనను తేలిగ్గా తీసుకోలేదు. సమావేశం పెట్టి తీవ్రంగా చర్చించింది. మినహాయింపు అధికారం ఇన్నాళ్లూ ఎవరికీ అవసరం పడలేదని గమనించి, దాన్ని రద్దు చేసింది. అధికారికి సన్మానం చేయాలని తీర్మానించింది.

సభ ఘనంగా జరిగింది. ముందు వరసలో కుటుంబ సభ్యులుండాలని కబురు రావడంతో అక్కనూ కూతురినీ తీసుకొచ్చి కూర్చోబెట్టారు. పాలాయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సంఘం అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"కన్నకూతురి చెయ్యి విరిగినా చట్టాన్ని మాత్రం వంగనివ్వని మహానుభావుడు! ఇలాంటి తండ్రి ఎంతమందికి దొరుకుతాడు?"

"ఒక్కర్తికి దొరికాడు, చాలు" అంది అక్క. పక్కవాళ్లకు మాత్రమే వినబడింది.

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. అధికారి చేతులు జోడించి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లు ముందు వరసలో ఒక్కచోటే ఆగాయి. కూతురు చప్పట్లు కొట్టడం లేదు. కుడిచేయి కట్టులో ఉన్నందువల్ల దాన్ని అసమ్మతిగా పరిగణించనవసరం లేదని ఆయన అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నాడు.