మూడో గ్లాసు

ఆ రోజుకు చిన్న కెమిస్టు వేసుకున్న లెక్క మామూలుదే. ఎనిమిదిన్నరకు రుచి పరీక్ష, తొమ్మిదికి రిపోర్టు, పదకొండుకు కొనుగోలుదార్ల తరఫున ఇన్‌స్పెక్టర్ మేడమ్ రాక. కాఫీ వడపోత కాగితాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె చేరి ఆరు నెలలైంది. ఆ రిపోర్టు మీద మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఇంటికే.

రుచి పరీక్షకు ఒక పద్ధతుంది. నాలుగు రోల్స్ నుంచి కత్తిరించిన కాగితాలను మరిగే నీళ్లలో నానబెట్టి, తీసేసి, ఆ నీళ్లను నాలుగు గ్లాసుల్లో పోస్తారు. ఐదో గ్లాసులో పోలిక కోసం వట్టి నీళ్లు. మేనేజరు గ్లాసులను అటూ ఇటూ మార్చి, అంకెలు వేసి, ఏది ఏదో చీటీ మీద రాసి కవర్లో పెట్టి అంటిస్తాడు. తాగి చూసేవాళ్లకు గానీ కెమిస్టుకు గానీ ఆ సంగతి తెలియకూడదు. ఆ ఉదయం కూడా ఆయన కవరు ఆమె చేతికిచ్చి, "మేడమ్ ముందే తెరవాలి" అని చెప్పి, మేడమ్‌ను తీసుకురావడానికి కారులో బయలుదేరాడు.

తాగి చూడడానికి ముగ్గురు కూర్చున్నారు: ఫోర్‌మన్ బాబాయి, ప్యాకింగ్ అక్క, స్టోర్ కీపరు. రెండు గ్లాసులు ఏ గొడవా లేకుండా దిగిపోయాయి. మూడోది నోట్లో పడగానే బాబాయి మొహం ముడుచుకుంది.

"కొత్త చెప్పు నాకినట్టుంది!"

"నువ్వెప్పుడు నాకావ్ బాబాయ్?" అంటూ అక్క కూడా ఒక గుక్క తాగింది. ఆ తర్వాత నవ్వలేదు. స్టోర్ కీపరు కిటికీ వైపు పరుగెత్తాడు.

నాలుగూ ఐదూ మళ్లీ బాగానే ఉన్నాయి. చిన్న కెమిస్టు మాత్రం రిపోర్టు రాయడం ఆపేసింది. నాలుగు రోల్స్‌లో ఏదో ఒకటి చెడింది. ఏదో తెలియదు.

"కవరు చింపి చూడు తల్లీ, తెలిసిపోతుంది" అన్నాడు బాబాయి.

"మేడమ్ ముందే తెరవాలి బాబాయ్. రూలు."

"పోనీ లైటుకెదురుగా పెట్టి చూడు."

"అదీ తెరిచినట్టే."

మేనేజరుకు ఫోన్ చేసింది. కారు నడిపేటప్పుడు ఆయన ఫోనెత్తడు, అదీ రూలే. ఇక గత్యంతరం లేక నాలుగు రోల్సూ పక్కన పెట్టించి, యంత్రం ఆపించింది. బాబాయి రోలర్లు విప్పి కడగడం మొదలుపెట్టాడు. నిన్నటి డెబ్బై పెట్టెల మీద ఎర్ర చీటీలు పడ్డాయి. అవి చూసి, క్యాంటీన్‌లో కాఫీ వడకట్టేదీ ఈ కాగితంతోనే కదా అని ఎవరికో గుర్తొచ్చింది. పెద్ద గిన్నెడు కాఫీ సింకులో పారబోశారు.

"పొద్దున్నుంచి మూడు కప్పులు తాగానమ్మా" అంటూ అక్క కడుపు పట్టుకుంది. "లోపలేదో తిరుగుతోంది."

"నేను నాలుగు" అన్నాడు స్టోర్ కీపరు, ఇందులోనూ వెనకబడడం ఇష్టం లేక.

పదింటికల్లా ప్రథమ చికిత్స గదిలో ఏడుగురు చేరారు. ఉన్నది ఒకటే మంచం. వంతులు వేసుకుని పడుకున్నారు.

పదకొండుకు మేడమ్ లోపలికి అడుగుపెట్టేసరికి నేలంతా తడి, యంత్రమంతా ముక్కలు. పక్కనున్న మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటిదంతా?" అన్నాడు.

"మూడో గ్లాసు సార్" అంటూ చిన్న కెమిస్టు మేడమ్‌కు కవరు అందించింది.

మేడమ్ కవరు తెరిచి ఒకసారి చదివింది. మళ్లీ చదివింది.

"మూడోది వట్టి నీళ్లమ్మా."

కాగితాన్ని అనుమానించడం నేర్చుకున్న చిన్న కెమిస్టుకు నీళ్లను అనుమానించాలని తట్టనేలేదు.

"ఎందులో ఉంచావ్ ఆ నీళ్లని?" అని అడిగింది మేడమ్.

దుమ్ము పడకూడదని చిన్న కెమిస్టు మూత ఉన్న కొత్త ప్లాస్టిక్ జగ్గు సొంత డబ్బుతో కొని, పోలిక కోసం పెట్టిన నీళ్లు మాత్రం మరిగినవి మరిగినట్టే అందులో పోసి ఉంచింది. మేడమ్ జగ్గు మూత తీసి వాసన చూసి, చటుక్కున తల వెనక్కి తీసుకుంది. గాజు పాత్రలో వేరే నీళ్లు కాచి తెప్పించి, మిగతా నాలుగు గ్లాసులనూ వాటితో పోల్చి నిదానంగా తాగి చూసింది.

"కాగితం శుభ్రంగా ఉంది. పాస్."

ప్రథమ చికిత్స గదిలో ఏడుగురికీ ఒక్కసారే నయమైంది.

మేనేజరు మాత్రం పళ్లు కొరుకుతూ చిన్న కెమిస్టు వైపు తిరిగాడు. "కవరు చేతిలో పెట్టుకుని రెండు గంటలు ఫ్యాక్టరీ ఆపుతావా? రేపటి నుంచి నువ్వు..."

"ఈ అమ్మాయి మీకు అక్కర్లేకపోతే చెప్పండి" అంది మేడమ్, తలెత్తకుండా సంతకం పెడుతూ. "కవరు చేతిలో ఉన్నా తెరవని కెమిస్టు కోసం మేం రెండేళ్లుగా వెతుకుతున్నాం."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"...పర్మినెంటు" అని వాక్యం పూర్తి చేశాడు.