సరస్సులో దిగిన శిఖరవీరుడు

శనివారం పొద్దున బోహీన్ సరస్సుకు వెళ్ళి, ఒడ్డున కూర్చుని వేయించిన చేపలు తిని, చీకటి పడకముందే లుబ్లియానాకు తిరిగి వచ్చేయాలని బీమా ఆఫీసువాళ్ళు అనుకున్నారు. ఏర్పాట్లన్నీ సెక్షన్ అధికారి సిల్వెస్టర్‌వే. ఆ రోజంతా మబ్బు పట్టి ఉంటుందని రేడియోలో విన్నాకే ఆయన ఆ రోజును ఖాయం చేశాడు.

మబ్బు ఎందుకంటే, సరస్సుకు ఎగువన త్రిగ్లవ్ పర్వతం ఉంది. మా స్లొవేనియాలో దాన్ని ఒక్కసారైనా ఎక్కనివాణ్ణి పూర్తి మనిషి కింద జమకట్టరు. సిల్వెస్టర్ ఏటా ఎక్కుతాడు, నోటితో. కథల్లోని బంగారు కొమ్ముల కొండమేక తనను చూసి తల ఊపిందని కూడా కోతలు కోస్తాడు. ఎక్కని గుమాస్తాలను "పల్లపు మనుషులు" అని ఈసడిస్తాడు. నిజానికి ఆ మహానుభావుడికి ఆఫీసు మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది.

ఆయన చేపలోంచి ముళ్ళు ఏరుకుంటూ ఉండగా మబ్బు విడిపోయి కొండ మొత్తం బయటపడింది.

"అబ్బ, ఎంత తేటగా ఉందో!" అంది కొత్తగా వచ్చిన మేనేజర్ ఆల్బీనా. "రేపు ఆదివారమేగా. రాత్రికి ఇక్కడే ఉండిపోయి తెల్లారగానే ఎక్కేద్దాం. సిల్వెస్టర్ గారుండగా మనకి భయమేంటి?"

సిల్వెస్టర్‌కు పొలమారింది. "నాకేం మేడమ్, పరిగెత్తుకుంటూ ఎక్కేవాణ్ణే. బూట్లు తెచ్చుకోలేదే!"

"అదెంత పని సార్!" అంటూ గుమాస్తా యెర్నెయ్ లేచాడు. పడవలు అద్దెకిచ్చేవాణ్ణి బతిమాలి ఒక జత పట్టుకొచ్చాడు. "ఇన్నాళ్ళూ మమ్మల్ని పల్లపు మనుషులన్నారుగా. మీ వెనకాల నడిచి మేమూ బాగుపడతాం."

బూట్లు దిక్కుమాలినవి, అతికినట్టు సరిపోయాయి. సిల్వెస్టర్ వెంటనే మోకాలు పట్టుకుని మూలిగాడు. ఆల్బీనా చలించలేదు. ప్లమ్ పళ్ళ సారాతో మోకాలు తనే మర్దన చేసింది. హాయిగా ఉందని ఆయన నోరు జారాడు.

ఇక మిగిలింది జలుబు ఒక్కటే. కాస్త తడిస్తే చాలు, తుమ్ముతూ ఇంటికి పోవచ్చు. సిల్వెస్టర్ పడవలు కట్టే చెక్క రేవు చివరికి నడిచి, కాలు జారినట్టు నటించబోయాడు. నటించాల్సిన పని లేకుండా నిజంగానే జారింది. కరిగిన మంచు నీళ్ళు, అడుగు అందని లోతు. కేక పెట్టడానికి కూడా ఊపిరి ఆడలేదు. యెర్నెయ్ దూకి కాలర్ పట్టి ఈడ్చుకొచ్చాడు.

"పైకి తీసుకెళ్ళండంటే కిందికి బయల్దేరారేంటి సార్?"

దుప్పట్లో చుట్టి కూర్చోబెట్టారు. పళ్ళు టకటకలాడుతున్నా సిల్వెస్టర్‌కు లోలోపల సంతోషమే. గండం గడిచింది.

"రేపటి సంగతి మర్చిపోండి," అంది ఆల్బీనా, ఆయన చెయ్యి పట్టుకుని. "మీరు లేకుండా మేం ఎక్కం. మీకు నయమయ్యేదాకా ఆగుతాం. వచ్చే నెల మొదటి ఆదివారం అందరం మీ వెనకే. ఇకనుంచి ఏటా మన ఆఫీసు దండయాత్రకి నాయకుడు మీరే!"

సిల్వెస్టర్ కొండకేసి చూశాడు. ఆ కొండ మీద జారితే కాలర్ పట్టుకునేవాడు ఉండడు. పరువు పోతే పోయింది, ప్రాణం మిగిలితే అదే పదివేలనుకున్నాడు.

"నేనెప్పుడూ ఎక్కలేదు!" అని బావురుమన్నాడు. "ఒక్కసారీ ఎక్కలేదు! అన్నీ కోతలే! మేకా లేదు, గీకా లేదు!"

ఆల్బీనా ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అయ్యో, కాలిపోతోంది! సంధి మాటలు మొదలయ్యాయి."

"నిజమే చెబుతున్నా మేడమ్! నమ్మండి!"

"పడుకోండి, పడుకోండి. ఏం పర్లేదు."

అందరికన్నా ముందు సంబరపడాల్సిన యెర్నెయ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. "కొండంటే ఎంత ప్రేమండీ ఈయనకి! ఎక్కలేకపోతున్నానన్న దిగులుతో మతి చలించింది. వచ్చే నెల మోసుకెళ్ళయినా సరే, పైకి చేరుస్తా."

జ్వరం తలకెక్కితే మనిషి ఎంతటి అబద్ధమైనా ఆడతాడని ఆఫీసంతా జాలిపడింది.