ఎర్ర గొట్టం, నీలి గొట్టం

కమిటీ పదకొండింటికి వస్తుంది. ఈలోగా చివరి రెండు సీసాలు నింపి, మూతలు బిగించి, తల దువ్వుకోవాలి. ఆ పొద్దున సీసాలమ్మ వేసుకున్న పథకం అంతే. ఆ పేరు పొలంలో పనివాళ్లు పెట్టింది. డాక్టరేటు వచ్చాక మర్యాదగా పిలుస్తారులే అని ఆమె సరిపెట్టుకుంది. కమిటీ ఊఁ అంటే డాక్టరేటు, దాని వెనకే ఉద్యోగం. ఊఁహూఁ అంటే ఐదేళ్లూ నీళ్లపాలు.

ఆమె పరిశోధన రెండు చేల మీద. ఒకదాంట్లో ఏడాది పొడవునా మొక్కజొన్నే. రెండోదాంట్లో ఆరు నెలలు మొక్కజొన్న, ఆరు నెలలు సోయా. చేల అడుగున దిగిన నీళ్లు రెండు గొట్టాల్లో కాలవగట్టుకు వస్తాయి. మొదటి చేనుది ఎర్రరంగు గొట్టం, రెండోదానిది నీలిది. ఎర్రగొట్టం నీళ్లలో ఎప్పుడూ నత్రజని ఎక్కువే. నీలిగొట్టం నీళ్లు మాత్రం సోయా ఉన్న ఆరు నెలలూ బాగుపడేవి. పంట మారిస్తే నీరు మారుతుందని ఆమె మూడువందల పేజీలు రాసేసింది.

గట్టు మీద కాపలా తాత పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

"పెద్దవాళ్లొస్తున్నారని గొట్టాలు రెండూ గీకి కొత్త రంగేశానమ్మా!"

"ఎర్రది ఎటేశావు తాతా?" అంది సీసాలమ్మ.

"ఇటు." కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అటుండేదంటారా?"

తేల్చుకునే దారి ఒక్కటే. బకెట్టెడు ఆకుపచ్చ రంగు కలిపి, ఇప్పుడు మొక్కజొన్న ఉన్న రెండో చేలో కుమ్మరించి, మోటారు వేసి నీళ్లు వదిలింది. పచ్చనీళ్లు ఏ గొట్టంలో వస్తే అదే నీలిది. ఏడైంది, ఎనిమిదైంది. తొమ్మిదింటికి రెండు గొట్టాలూ ఒక్కసారే గళగళమన్నాయి. వచ్చింది పచ్చనీళ్లు కాదు, తెల్లటి నురగ. ఐదేళ్లుగా ఆమె సీసాలు నింపింది మధ్యాహ్నాలే, లోకమంతా స్నానాలు ముగించాక. ప్రయోగశాలవాళ్లు కూడా నత్రజని కొలిచారే గాని సబ్బు కొలవలేదు.

"పచ్చనీళ్లు అదుగో, అక్కడ పోతున్నాయి," అంటూ తాత పొదల చాటున ఇంకో రెండు గొట్టాలు చూపించాడు. "చేల గొట్టాలు అవే కదమ్మా."

"మరి మొదటిరోజు నాకు ఇవెందుకు చూపించావు?"

"గొట్టాలెక్కడని అడిగారు, కనబడేవి చూపించాను. చేలవి అన్నారా?"

ఆమె పలుగు అందుకుంది. రంగేసిన గొట్టాల వెంబడే గుంట వెనక గుంట తవ్వుకుంటూ పోయింది. గొట్టాలు రెండూ వెళ్లి ఆమె పరిశోధనకు గైడైన ప్రొఫెసరు గారి క్వార్టర్సు గోడ కింద దూరాయి. సరిగ్గా అప్పుడే ప్రొఫెసరు గారు కమిటీని వెంటబెట్టుకొచ్చారు. తలకు తువ్వాలు చుట్టుకుని ఆయన భార్య బయటికి వచ్చింది.

"ఒకటి మా బాత్రూందమ్మా, రోజూ వాడతాం. రెండోది మా నాన్నగారిది. ఆయన ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు మా అక్క దగ్గర ఉంటారు. ఆయన లేనప్పుడు అందులో కారే కొళాయి నీళ్లే పోతాయి."

"అక్కగారింటికి ఎప్పుడు వెళ్తారండీ?" అని అడిగింది సీసాలమ్మ.

"మీరు సోయా విత్తడం మొదలెట్టగానే. ఆ దుమ్ము ఆయనకు పడదు."

సీసాలమ్మ గుంటలోనే కూలబడింది. ఐదువందల పద్దెనిమిది సీసాలు చంటిపిల్లల్లా మోసుకెళ్లింది. ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు. ప్రొఫెసరు గారు ఆకాశం వైపు చూశారు.

"మళ్లీ మొదట్నుంచీ చేయాలమ్మా," అన్నాడు కమిటీ పెద్ద.

అయితే నివేదికలో ఒక్క వాక్యం మాత్రం ఆమెకు అనుకూలంగానే రాశారు: మార్పిడి వల్ల నీటి నాణ్యత మెరుగుపడుతుందన్నది నిస్సందేహంగా రుజువైంది.