జనరల్ మేనేజరు గారు ముట్టుకున్న లేత్

హోసూరు పారిశ్రామికవాడలో, మోపెడ్ల ఇరుసులకు తొడిగే ఇత్తడి బుష్షులు తయారుచేసే ఒక కర్మాగారంలో నమ్మకం నిల్వలు ప్రమాదకరమైన స్థాయికి పడిపోయినట్టు 1998 వేసవిలో యాజమాన్యం కనుగొన్నది. ఇత్తడి తగ్గితే తెప్పించుకోవడానికి వర్తకులున్నారు. నమ్మకం తగ్గితే ఏ లారీలో దింపుకోవాలో ఎవరికీ తెలియదు. కార్మికులకు అధికారుల మీద నమ్మకం లేదని తేల్చినవారు అధికారులే కనుక, ఆ నిర్ధారణను కార్మికులు నమ్మలేదు. అంతటితో విషయం రుజువైంది.

జనరల్ మేనేజరు ప్రసాదు గారిని బెంగుళూరులోని ఒక పెద్ద హోటలుకు శిక్షణకు పంపారు. ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చి హోసూరులో స్థిరపడిన విద్యావంతుడు, సౌమ్యుడు, ఎవరినీ ఏకవచనంతో పిలవనివాడు; కార్మికులనైతే అసలు పిలవనే పిలవడు. ఆ హోటలులో, చలిపుట్టించే గదిలో, నాయకుడనేవాడు చెమటోడ్చాలని ఆయనకు బోధించారు. కింది వారితో ఏ పని చేయించదలచినా ముందు తాను చేసి చూపాలని, అప్పుడే నమ్మకం పుడుతుందని ఆయనకు అర్థమైంది. తిరుగు ప్రయాణంలో రాష్ట్ర సరిహద్దున జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల వెనుక కారు చిక్కుకుపోయినప్పుడు ఆ సత్యం తనలో మరింత లోతుగా దిగిందని ఆయనే తరువాత సెలవిచ్చారు.

వచ్చిన సోమవారమే సభ జరిగింది. కార్మికులు ఎండలోనూ, ఆయన షామియానా కిందా నిలబడ్డారు.

“మిత్రులారా! నేటి నుంచి నేను మీ అధికారిని కాను, మీలో ఒకణ్ణి. మీరు చేసే ప్రతి పనీ ముందుగా నేను చేస్తాను. నన్ను చూడండి, నన్ను నమ్మండి, నన్ను అనుసరించండి!”

ఫోర్‌మన్ గుర్రప్ప చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ కర్మాగారంలో చప్పట్లు ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో గుర్రప్ప అరచేతులను చూసి తెలుసుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి.

తొలి ఆదర్శానికి దేవేంద్ర అనే యువకుడు ఇత్తడి కడ్డీలను చెక్కడానికి నడిపే లేత్ మిషన్‌ను ఎంపిక చేశారు. అది కిటికీ పక్కన ఉంది. ఫోటోకు వెలుతురు చాలినంత ఉంటుంది. దేవేంద్ర బాగలూరు నుంచి సైకిలు మీద వచ్చే టెంపరరీ కార్మికుడు. ఏటా ఆయుధపూజ నాడు పర్మినెంట్ అయ్యేవారి పేర్లు ప్రకటించడం అక్కడి ఆనవాయితీ. అంతవరకూ చెప్పినన్ని బుష్షులు తీస్తే ఆ ఏడు తన పేరు ఖాయమని అతనికి మాట అందింది. అక్కడే బుష్షుల కొలతలు తనిఖీ చేసే భువనతో అతనికి పెళ్లిమాటలు నడుస్తున్నాయి. పర్మినెంట్ అయిన మరునాడే ముహూర్తం పెట్టిస్తానని, కాకపోతే వేరే సంబంధం చూస్తానని భువన తండ్రి స్పష్టం చేశాడు. కనుక ఆ లేత్ మీద దేవేంద్ర బుష్షులతోపాటు తన సంసారాన్ని కూడా కొద్దికొద్దిగా తయారుచేసుకుంటున్నాడు.

ప్రసాదు గారు ఇస్త్రీ మడత చెదరని నీలిరంగు దుస్తుల్లో వచ్చి, కొలత సరిచేసే చక్రాన్ని నిబ్బరంగా ఒక తిప్పు తిప్పి, ఒక బుష్షు తీశారు. ఫోటో తీశారు. చప్పట్లు మొదలై ఆగాయి. ఆయన వెళ్లిపోయాక భువన ఆ బుష్షును గేజిలో పెట్టి చూసింది.

“వదులుగా ఉందన్నా,” అన్నది.

“ఏది వదులు?” అన్నాడు గుర్రప్ప.

“బుష్షు సన్నమైపోయిందన్నా. జారిపోతా ఉంది.”

“గేజి అరిగిపోయుంటాది. గేజిని పక్కన పెట్టమ్మా.”

ఆ విధంగా నేరం గేజిదని తేలింది. దేవేంద్ర తన మిషన్ దగ్గరికి వచ్చి చక్రం మీద చెయ్యి వేయబోయాడు.

“ఏయ్, యాడ పెడతాండావు చెయ్యి?” అన్నాడు గుర్రప్ప.

“కొలత తప్పిందన్నా. సరిచేసి పని మొదలుపెడతా.”

“సారు తిప్పిన చక్రాన్ని నువ్వు మళ్లా తిప్పితే ఏమర్థమప్పా? సారు తిప్పింది తప్పనే కదా?”

“తప్పే కదన్నా.”

“ఆ మాట నువ్వు అనలా, నేను వినలా. పో, పోయి టీ తాగు.”

గుర్రప్ప తర్కంలో దోషం పట్టగల పండితుడు ఆ కర్మాగారంలోనే కాదు, జిల్లాలోనే లేడు. తప్పుడు కొలతలో ఉన్న మిషన్‌తో పని చేయకూడదు. పై అధికారి పెట్టిన కొలతను తప్పనకూడదు. కాబట్టి మిషన్‌తో పనే చేయకూడదు. సాయంత్రానికి లేత్‌కు గంధం, కుంకుమ పెట్టి, చుట్టూ పసుపురంగు గీత గీసి, పూలదండ వేశారు. దేవేంద్రకు ఇత్తడి రజను ఎత్తే పని అప్పగించారు. రోజూ ఆ మిషన్‌కు దండ గేటు ముందు పూలమ్మే మునిలక్ష్మమ్మ దగ్గర కొనేవారు. ఆమె దేవేంద్ర తల్లి.

“దినామూ దండ కట్టి పంపిస్తాండాను నాయనా,” అన్నదామె కొడుకుతో. “ఆ మిషన్ పర్మినెంట్ అయిపాయ. నీకెప్పుడంట?”

ప్రసాదు గారు ఒక్క ఆదర్శంతో తృప్తిపడే మనిషి కాదు. ఒకనాడు చీపురు పట్టి షెడ్డులో ఒక మూల ఊడ్చారు. ఆ చీపురును మేకుకు తగిలించి బొట్టు పెట్టారు. ఆయన ఊడ్చిన చోటును మళ్లీ ఊడిస్తే ఆయన సరిగా ఊడ్వలేదన్నట్టు అవుతుంది కనుక ఆ మూల దుమ్ము నాటి నుంచి నిశ్చింతగా పెరిగింది. క్యాంటీనులో కార్మికులతో కూర్చుని భోంచేశారు; ఆ బల్ల ఆయనకే ప్రత్యేకమైంది, దాని మీద తినేవారు గోడవారగా చేరారు. కంపెనీ బస్సులో ముందు సీటులో కూర్చుని వచ్చారు. ఆ సీటు మీద తెల్లటి తువ్వాలు పరిచి, జనం దాని చుట్టూ ఒరుసుకుంటూ నిలబడి ప్రయాణం చేశారు. శ్రమలో హెచ్చుతగ్గులు లేవని చాటడానికి ఆయన కార్మికుల మరుగుదొడ్లలో ఒకదాన్ని స్వహస్తాలతో కడిగిన రోజున పలువురు కంటతడి పెట్టారు. దానికి తాళం పడుతుందని వారు ముందే ఊహించారు.

దేవేంద్రకు ఆయన మీద కోపం రాకపోవడం గమనించదగిన విషయం. ఇంత మంచి మనిషికి ఒక్క మాట చెబితే చాలునని అతని నమ్మకం. చెప్పడానికి వెళ్లాడు. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చునని సూచించడానికి ప్రసాదు గారు తమ గది తలుపును ఊడదీయించి ఉన్నారు. తలుపు లేని గదికి కాపలా అవసరం కనుక గుమ్మంలో స్టూలు వేసుకుని గుర్రప్ప కూర్చున్నాడు.

“తలుపు లేదు గదా అని దూరేస్తావా? తలుపుంటే తట్టుండొచ్చు. ఇప్పుడేం తడతావప్పా?”

తట్టడానికి ఏమీ లేక దేవేంద్ర తిరిగి వచ్చాడు.

ఇంతలో మోపెడ్ల కంపెనీ లారీ వచ్చి గేటు దగ్గర నిలిచింది. వారికి కావలసిన కొలత బుష్షులు దండ వేసిన ఆ లేత్ మీద తప్ప రావు. గుర్రప్ప దేవేంద్ర దగ్గరికి వచ్చి, పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

“నేను టీకి పోతాండా. తిరిగి వచ్చేలోపల ఈడ ఏం జరిగినా నేను చూడలా.”

దేవేంద్ర దండ తీసి, చక్రం సరిచేసి, బుష్షులు తీశాడు. షెడ్డంతా చూసింది; ఒకరిద్దరు గుమ్మం దగ్గర కాపు కాశారు కూడా. భువన పక్కన పెట్టిన గేజిని తీసి కొలిచి, సరిపోయాయన్నది. ఆ తరువాత దేవేంద్ర చక్రాన్ని మళ్లీ ప్రసాదు గారి తప్పుకు తిప్పి, దండ వేశాడు. మరునాడూ అదే జరిగింది. రానురాను గుర్రప్ప పొద్దున తాగబోయిన టీ మధ్యాహ్న భోజనం దాకా సాగేది.

“అన్నా, ఈ బుష్షులు నా పేరు మీద రాయన్నా. లెక్క చాలకపోతే నన్ను పర్మినెంట్ చెయ్యరు.”

“నీ పేరు రాస్తే నువ్వు మిషన్ ముట్టుకున్నట్టే కదప్పా! కొంచెం ఓర్చుకో. ఆయుధపూజ రానీ, సారుతో నేనే చెప్తా.”

అంతవరకూ ఆ బుష్షులను ప్రసాదు గారి పేరున రాశారు. తాను ఒకే ఒక్కసారి ముట్టుకున్న మిషన్, మనిషి తోడు లేకుండా, నెలల తరబడి కొలత తప్పని బుష్షులను ఇస్తున్నదని తెలిసి ఆయన మొదట ఆశ్చర్యపడ్డారు. తరువాత ఆలోచించి, తన ఆదర్శమే దాన్ని నడుపుతున్నదని గ్రహించారు. ఈ గ్రహింపును ప్రధాన కార్యాలయం కొనియాడింది. చుట్టుపక్కల సంస్థల అధికారులు చూసి నేర్చుకోవడానికి వచ్చారు. బర్గూరు నుంచి వచ్చిన ఒక గ్రానైటు యజమాని తిరిగి వెళ్లి తన క్వారీలో ఒక బండను స్వయంగా ముట్టుకున్నాడు. ఫలితం కోసం ఆయన ఇంకా వేచివున్నాడని వినికిడి.

ఆయుధపూజ వచ్చింది. గుమ్మడికాయ పగిలింది, బొరుగులు, సెనగపప్పు పొట్లాలు పంచారు. ఆ ఏటి అత్యుత్తమ ఉత్పత్తిదారుగా ప్రసాదు గారికి శాలువా కప్పారు. పర్మినెంట్ పేర్లు ప్రకటించడానికి ముందు ఆయన మైకు అందుకున్నారు.

“నాయకుడు తన తప్పును తానే ఒప్పుకోవాలి. అప్పుడే పరస్పర విశ్వాసం పరిపూర్ణమవుతుంది. ఈ శుభదినాన నా తప్పును మీ ముందు ఒప్పుకుంటున్నాను.” ఆయన శాలువా సర్దుకున్నారు. “నేను మిమ్మల్ని మరీ ఎక్కువగా ప్రేమించాను!”

గుర్రప్ప కళ్లొత్తుకుంటూ చప్పట్లు కొట్టాడు. షెడ్డు మారుమోగింది.

“ఇక మీ వంతు. నన్ను అనుసరించండి. ఏ తప్పైనా నిర్భయంగా చెప్పండి. మనమంతా ఒకే కుటుంబం.”

దేవేంద్ర గుర్రప్ప వైపు చూశాడు, ఇప్పుడైనా చెబుతాడేమోనని. గుర్రప్ప దండలు సర్దుతున్నాడు. దేవేంద్ర ముందుకు నడిచాడు.

“సార్, మీరు పెట్టిన కొలత సరిపోలేదు. నేను మార్చినాను. దినామూ మార్చి, బుష్షులు తీసి, మళ్లా మీ కొలతకే పెట్టేసినాను. మిమ్మల్ని అడక్కుండా ముట్టుకునింది నా తప్పే సార్.”

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక అందరూ గుర్రప్ప అరచేతులు చూశారు. అవి జేబుల్లో ఉన్నాయి.

“సారు మిషన్‌ను ముట్టుకున్నావా?” అని గుర్రప్ప ఉలిక్కిపడ్డాడు. “అయ్యయ్యో! ఇట్లాంటిది ఈడ జరుగుతా ఉంటే మీలో ఎవురైనా చూసినారప్పా?”

ఆ క్షణంలో సభలోని వారందరికీ బొరుగుల పొట్లంలో పప్పులు ఎన్ని ఉన్నాయో చూసుకోవలసిన అవసరం కలిగింది.

“నేను చూసినాను,” అంటూ ఆడవాళ్ల వరుసలోంచి భువన లేచింది. “నేనే కొలత చూసినాను. నువ్వు టీకి పొయ్యేది కూడా చూసినానన్నా.”

“ఆయమ్మ వాడిని చేసుకోబోయేది సార్,” అన్నాడు గుర్రప్ప నొచ్చుకుంటూ. “ఆ సాక్ష్యం చెల్లదు.”

ప్రసాదు గారు కోప్పడలేదు. దేవేంద్ర భుజం మీద చెయ్యి వేసి, వ్యక్తిగా తాను క్షమించానని, సంస్థ మాత్రం క్షమించలేని స్థితిలో ఉన్నదని ఆవేదనతో ప్రకటించారు. పర్మినెంట్ కావలసిన పేర్లలో ఒకటి తగ్గింది. సాయంత్రానికి టెంపరరీ పని కూడా పోయింది. భువన తండ్రి తాను ఇచ్చిన మాటకే కట్టుబడి వేరే సంబంధం చూడసాగాడు. భువన ఒప్పుకోలేదు, అది వేరే తగాదా. మరునాటి నుంచి మునిలక్ష్మమ్మ మిషన్ దండ ధరను రెండింతలు చేసింది. కంపెనీ బేరమాడకుండా ఇచ్చింది.

అంతమందిలో చెల్లుబాటయ్యే సాక్షి ఒక్కరైనా లేకపోవడం కార్మికుల ఐకమత్యానికి నిదర్శనమని యాజమాన్యం హర్షించింది. వారిని పిరికివాళ్లని నిందించడానికి పాఠకులు తొందరపడవద్దని మనవి. వారు మంచివాళ్లు, పిల్లలుగలవాళ్లు, మీరూ నేనూ ఎరిగినవాళ్లు. మీ కార్యాలయంలో మీ పై అధికారి చివరిసారి ఎప్పుడు పొరబడ్డారో, దానికి శిక్ష ఎవరికి పడిందో, అప్పుడు మీరు ఎటువైపు చూస్తున్నారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. జ్ఞాపకం రావడం లేదు కదా. పాపం, వాళ్లకూ రాలేదు.