సీతారామాంజనేయులు గారి నడుము

పప్పు పొయ్యి మీదికెక్కి గంట దాటింది. రాజరాజేశ్వరి గరిటెతో రెండు బద్దలు తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. బద్దలు బద్దలుగానే ఉన్నాయి. కొండాపూర్ బావినీళ్ళలో కందిపప్పు ఉడకదని ఆమెకు వచ్చిన మొదటిరోజే తెలిసింది. అయినా ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే పెడుతూనే ఉంది, రోజూ నొక్కి చూస్తూనే ఉంది. మల్లెలతిప్పలో అయితే కాలవనీళ్ళు పోసి ఎసరు పెట్టి, రేవులోకి వెళ్ళి, అవతలి ఒడ్డున ఉండే అక్కయ్యను కేకేసి నాలుగు మాటలాడి వచ్చేలోపల పప్పు వెన్నలా అయిపోయేది.

"ఏమండీ, ఈ పూట కూడా చారే" అంది గదిలోకి చూస్తూ.

"ఇంకెన్నాళ్ళులే రాజ్యం" అన్నాడు సీతారామాంజనేయులు చాప మీద ఒత్తిగిలి పడుకుని. "వచ్చే నెల ఈపాటికి కాలవనీళ్ళ పప్పు తింటాం."

అతను శేరిలింగంపల్లిలో రోడ్ల శాఖవారి చిన్న ఆఫీసులో గుమాస్తా. రెండేళ్ళ క్రితం ఆఫీసుకు వెళుతుంటే సైకిలు బండరాయి మీద జారింది. ఆనాటి నుంచి నడుము కొడవలిలా వంగిపోయింది. నేల చూస్తూ నడవడమే కాబట్టి ఆఫీసులో ఎవరు ఎదురొచ్చినా చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేవాడు. కుర్చీలో అరగంట కూర్చుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సొంత జిల్లాకు బదిలీ చేయమని మూడు అర్జీలు పెట్టాడు. మూడూ పెట్టిన దారినే తిరిగొచ్చాయి. వయసు నలభైఏడు. ఉద్యోగం ఇంకా ఎనిమిదేళ్ళుంది.

చివరికి సూపరింటెండెంటుగారే ఒక దారి చూపించారు. శరీరం శాశ్వతంగా సహకరించని ఉద్యోగికి ముందుగానే విరమణ ఇచ్చి పింఛను ఇవ్వవచ్చని రూలు ఉందట. మెడికల్ బోర్డు వారు పరీక్షించి, ఇక పనికిరాడని రాస్తే చాలు. ఆ కాగితం పద్నాలుగు నెలలు బల్లల మీద తిరిగి తిరిగి, ఇప్పటికి జవాబు తెచ్చింది. రేపు గురువారం పదిగంటలకు పట్నంలో ముగ్గురు డాక్టర్ల ముందు హాజరు కావాలి.

"మీరేమీ చెయ్యనక్కర్లేదు. ఉన్నవారు ఉన్నట్టుగా వెళ్ళి నిలబడండి, చాలు" అన్నారు సూపరింటెండెంటుగారు.

కాబట్టి ఆ బుధవారం నాటి కార్యక్రమం ఏమీ చేయకుండా ఉండడం. ఇంటివారు బుచ్చమ్మ కాకపోయి ఉంటే అంత తేలికైన పని మరొకటి ఉండేది కాదు.

బుచ్చమ్మకు అరవై ఏళ్ళు. పిల్లల్లేరు. భర్త పోయి పదేళ్ళయింది. తనకున్న నాలుగు గదుల్లో రెండు వీళ్ళకిచ్చి, మిగిలిన రెండింట్లో తానుంటూ, రోజంతా గోడ అవతల నుంచి రాజరాజేశ్వరితో మాట్లాడుతూనే ఉండేది. ఆ పొద్దున ఒడినిండా చింతచిగురు కోసుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఇత్తడి సామానంతా గోనెసంచుల్లో కట్టేసి ఉంది.

"ఏంది బిడ్డా, గీ మూటలేంది?"

రాజరాజేశ్వరి గరిటె కింద పెట్టింది. వెళ్ళిపోతున్నామని చెప్పాలని ఏడాది నుంచి అనుకుంటూనే ఉంది. నోరు తెరిచినప్పుడల్లా ఈ ముసలామె "వచ్చే ఎండకాలం నీకు మల్లెపందిరి ఏయిస్త బిడ్డా" వంటి మాట ఏదో అనేది. అందుకని సగం నిజం చెప్పింది.

"రేపు పట్నంలో పెద్ద డాక్టర్లు మావారి నడుము చూస్తారండి బుచ్చమ్మగారూ. వాళ్ళు సరేనంటే మా కష్టం గట్టెక్కినట్టే."

బుచ్చమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. కాలి మీద గడ్డ లేచిందని నడుచుకుంటూ పట్నం దవాఖానకు వెళ్ళిన ఆమె పెనిమిటి ఎడ్లబండి మీద, ఆ కాలు లేకుండా, తిరిగి వచ్చాడు. పైగా తిరిగొస్తామో రామో తెలియనివాళ్ళే కదా వెళ్ళేముందు సామాను మూటగడతారు!

"కోస్తరా?" అంది నెమ్మదిగా.

"ఏమోనండి. అంతా వాళ్ళ చేతుల్లోనే ఉంది."

బుచ్చమ్మ చింతచిగురు అక్కడే కుమ్మరించి, చెంగు దులుపుకుని, తాటివనం వైపు నడిచింది. అరగంటకల్లా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. 

పెంటయ్య కల్లుగీత పని చేస్తాడు. తాటిచెట్లెక్కేవాళ్ళలో ఏటా ఎవరో ఒకరు జారిపడడం, పడినవాణ్ణి పెంటయ్య మళ్ళీ నిలబెట్టడం ఆ చుట్టుపక్కల మామూలే. చెట్టెక్కేటప్పుడు నడుముకు, మానుకు కలిపి చుట్టుకునే లావుపాటి మోకు అతని భుజాన ఎప్పుడూ ఉంటుంది. వైద్యానికీ అదే సాధనం.

సీతారామాంజనేయులు కంగారుపడ్డాడు. "వద్దండీ పెంటయ్యగారూ, మీకెందుకండీ శ్రమ?"

అదే పొరపాటయింది. పుట్టిన తరవాత పెంటయ్యను గారూ అని ఎవరూ పిలవలేదు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇన్నవా అక్కా? గారు అంటున్నడు! గింత మంచి సారును కోతకు పంపుతమా? నేను పంప."

సరే, కాస్త నూనె రాయించుకుంటే పోయేదేముందని సీతారామాంజనేయులు మంచమెక్కి బోర్లా పడుకున్నాడు. రెండేళ్ళుగా కుదరని నడుము ఒక్క పూట నూనెకు కుదురుతుందా? వీళ్ళ మనసు నొప్పించడమెందుకు? అరగంట గడిచాక ఇంట్లో దొంగ దూరాడని చెబుతున్న గొంతుతో భార్యను పిలిచాడు.

"రాజ్యం... కొంచెం తగ్గినట్టుంది."

"అయ్యో, గట్టిగా అనకండి!"

ఆ తరవాత వేయించిన ఇసుక మూటలతో కాపడం మొదలైంది. పరిస్థితి చేయి దాటుతున్నదని అతనికి అర్థమైంది. "చాలండి పెంటయ్యగారూ, బాగానే ఉందండి, ఇక చాలు" అన్నాడు.

"బాగైతుందట!" అంది బుచ్చమ్మ వీధిలోకి తొంగిచూసి. ఆ కేకకు వాడకట్టంతా వచ్చింది. ఇంత పని చేసిన నడుమును మధ్యలో వదిలెయ్యకూడదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నలుగురు మంచం నాలుగు కోళ్ళూ పట్టుకుని లేపారు. సీతారామాంజనేయులు పడుకున్నవాడు పడుకున్నట్టే తాటివనానికి బయలుదేరాడు.

రాజరాజేశ్వరి మంచం పక్కన పరుగులాంటి నడక నడుస్తూ "చెప్పెయ్యండి వీళ్ళకి" అంది గొంతు తగ్గించి.

"ఏమని చెప్పనే? నా నడుము బాగుచెయ్యకండి బాబూ అని చెప్పనా? ఎవరైనా నమ్ముతారా?"

పెంటయ్య అతన్ని ఒక తాడిచెట్టుకు ఎదురుగా నిలబెట్టి, మోకు నడుముకూ మానుకూ కలిపి చుట్టాడు. రెండు కొసలూ చేతికి చుట్టుకుని చెట్టు వెనక కాలు తన్నిపెట్టి నిలబడ్డాడు.

"సారూ, దమ్ము లోపల పట్టుకుంటే నడుము వదలది. గట్టిగ ఒక పిలుపు పిలువున్రి. మీ ఊరు పేరు పిలువున్రి."

ఆరేళ్ళలో అతన్ని ఆ పేరు పలకమని అడిగినవారు లేరు. ఆఫీసులో జిల్లా పేరు చెబితే సరిపోయేది. "మల్లెలతిప్ప" అన్నాడు నెమ్మదిగా.

"గదేం పిలుపు? మీ ఊరికి ఇనబడాలె!"

సీతారామాంజనేయులు కళ్ళు మూసుకున్నాడు. సాయంకాలప్పూట కాలవలో వచ్చే పడవ, రేవు మెట్ల మీద తడిసిన నాచు, ఆ ఒడ్డు నుంచి వదినగారి కేక, ఈ ఒడ్డు నుంచి రాజ్యం జవాబు. ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

"మల్లెలతిప్పా...!"

పెంటయ్య గుంజాడు. ఎండుమట్ట విరిగినట్టు చప్పుడైంది.

మోకు వదులైంది. సీతారామాంజనేయులు నెమ్మదిగా లేచాడు. లేస్తూనే ఉన్నాడు. రెండేళ్ళ తరవాత మొదటిసారి తాడిచెట్ల మొవ్వులు, వాటికి వేలాడే కుండలు, వాటి పైన ఆకాశం కనిపించాయి. తల దించితే ఎదురుగా రాజరాజేశ్వరి. ఇన్నాళ్ళూ ఆమె వంగితేనే మొహం కనపడేది. పాపిడిలో నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి, అతనికి తెలియనే తెలియదు. ఆయన తనకంటే జానెడు పొడుగన్న సంగతి ఆమె కూడా మరిచిపోయింది. ఒక్క నిమిషం ఇద్దరికీ గురువారం గుర్తుకు రాలేదు. 

తరవాత ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం తలుపులు మూసుకుని కసరత్తు ప్రారంభించారు.

"ఒకసారి మునుపటిలా వంగండి."

"వంగాను చూడు."

"అది గుళ్ళో దణ్ణం పెట్టినట్టుందండీ."

"రెండేళ్ళు వంగాను రాజ్యం, ఎలా వంగానో గుర్తు రావడం లేదే!"

రుబ్బురోలు ఎత్తి చూశాడు. రోలు లేచింది, నడుముకేమీ కాలేదు. ఆఖరి ఆశగా సైకిలు తీసి, పడిన చోటే పడదామని ఆ బండల దారిన రెండుసార్లు పోయి వచ్చాడు. ప్రతి కుదుపుకూ వెన్నుపూసలు మరింత పొందిగ్గా సర్దుకున్నాయి. "చూడున్రి, సంబురం ఆపుకోలేక సైకిల్ తొక్కుతుండు!" అని బుచ్చమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవారికి చూపించింది.

మరునాడు లింగంపల్లి స్టేషనులో రైలెక్కి పట్నంలో దిగితే, వెనక పెట్టెలోంచి అక్కాతమ్ముళ్ళు కూడా దిగారు. డాక్టర్లు పొరపాటున కత్తి తీస్తారేమోనని వాళ్ళ భయం. పెంటయ్య మోకు కూడా తెచ్చుకున్నాడు.

బోర్డు గదిలో ముగ్గురు డాక్టర్లు వరసగా కూర్చున్నారు. సీతారామాంజనేయులు చేతనైనంత వంగి లోపలికి వచ్చాడు. పెద్ద డాక్టరు పాత ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, పాపమన్నట్టు తలూపాడు.

"ఈ ఎముకల్ని చూస్తే మీరు ఇంతమాత్రం నడవడమే గొప్ప. ఎలా నెట్టుకొస్తున్నారండీ?"

సీతారామాంజనేయులి కళ్ళ ముందు కాలవ మెరిసింది. 

డాక్టరు కలం తీశాడు. ఫారంలో మొదటి గడి నింపాలి. "సొంత ఊరు?"

"మల్లెలతిప్పండి."

ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, నడుము దానంతట అది తాడిచెట్టులా లేచి నిలబడింది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను జెప్పలే!" అంటూ పెంటయ్య తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "ఊరు పేరు చెప్తె చాలు, నిలబడ్తడు! కత్తి పనే లేదు దొరా."

తరవాత అరగంటసేపు ఆ గదిలో మాట్లాడింది పెంటయ్య ఒక్కడే. మోకు ఎక్కడ కట్టాలో, ఎటు తన్నాలో, ఎప్పుడు గుంజాలో సవివరంగా చెప్పాడు. ముగ్గురు డాక్టర్లూ విన్నారు. మొదటి నుంచీ తన నడుము మీద చేయి వేసుకుని కూర్చున్న మధ్య డాక్టరు ఆదివారంనాడు వనంలో ఉంటావా అని అడిగాడు. బోర్డు వారు ఉద్యోగానికి అన్నివిధాలా యోగ్యుడని రాసి ముగ్గురూ సంతకాలు చేశారు.

పది రోజులకు ఆ కాగితం ఆఫీసుకు చేరింది. సూపరింటెండెంటుగారు మంచి మనిషి. "కుర్చీలో కూర్చోలేకపోయేవారు కదా, ఇక మీకా బాధ లేదు. మణికొండ రోడ్డు పనికి పంపుతున్నాను. రోజంతా నడకే" అన్నారు.

కొత్తపని మొదలయ్యే రోజు పొద్దున పప్పు పొయ్యి మీద ఉండగానే బుచ్చమ్మ వచ్చింది. వెనకే పెంటయ్య.

"ఇగ ఫికర్ లేదు గద. గీ మూటలిప్పు బిడ్డా, నేను గూడ సాయం పడ్త" అని ఆమె ఒక గోనెసంచి ముడి విప్పింది. పైనే అక్కయ్య రాసిన కార్డు ఉంది. 'నీ రేవు మెట్టు మీద ఎవర్నీ బట్టలు ఉతకనివ్వడం లేదు. వస్తున్నావుగా' అని అందులో ఉంది. రాజరాజేశ్వరి దాన్ని చేతిలోకి తీసుకుని, ఏడాదిగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాటంతా ఒక్కసారిగా చెప్పేసింది. నడుము బాగుపడకూడదనీ, బాగుపడకపోతేనే ఊరు వెళ్ళగలిగేవాళ్ళమనీ, ఇంక ఎనిమిదేళ్ళనీ.

బుచ్చమ్మ గోడకు చేరగిలి కూలబడింది.

"ఒక్క మాట జెప్పకపోతివి బిడ్డా! నీ పయనం నేనే చెడగొడ్తినా? ఒక్క మాట జెప్తే వీణ్ణి వనంలనే కట్టేసి ఉంచేదాన్ని గద!" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొంగు చాటునే మళ్ళీ అంది. "పోతున్నమని నాకు జెప్పకపోతివి."

పెంటయ్య తల గోక్కున్నాడు.

"సారూ, ఇరగ్గొట్టుడు గూడ వస్తది నాకు. మోకు జర మీదికి కట్టి, ఎనక నుంచి గుంజాలె, గంతే. ఏమంటరు?"

అందరూ సీతారామాంజనేయులి వైపు చూశారు. అతను చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెంటయ్య భుజం మీది మోకు వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు. రాజరాజేశ్వరి సంచిలోంచి పప్పుగిన్నె మూత తీసింది. పైటచెంగుతో తుడిచింది. తిన్నగా వెళ్ళి, ఆరేళ్ళుగా అది ఉండే అలమరలోనే పెట్టింది.

సీతారామాంజనేయులు క్యారియరు అందుకుని, గడప దాటి మణికొండ దారి పట్టాడు. 

పప్పు ఇంకా ఉడకలేదు. నడుము మాత్రం, బోర్డు వారు రాసినట్టే, నిటారుగా ఉంది.