మూడు చేతుల మోర్టారు

ఆ శనివారం పొద్దున స్టోరుకీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, కంపెనీ ఆడమన్న యుద్ధం ఆడేయాలి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి నెలలు నిండిన భార్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. యుద్ధం అంటే కంప్యూటర్లో ఆట. సిబ్బందిలో ఐకమత్యం పెరగాలని హెడ్డాఫీసు అన్ని శాఖలనూ ఒకే సైన్యంగా చేర్చి, ముక్కూమొహం తెలియనివాళ్ల కోట మీదికి తోలుతోంది. త్వరలో మనుషుల్ని తగ్గిస్తారన్న కబురు కూడా ఆ హెడ్డాఫీసు నుంచే వచ్చింది. తీసేయబోయేవాళ్లకు ఐకమత్యం దేనికో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఆటలో ఎవరిచేతా మాట పడకండి," అంది భార్య గుమ్మం పట్టుకుని నిలబడి. "మీరూ అక్కడే, తమ్ముడూ అక్కడే. ఆ ఉద్యోగాలు పోతే మన పొయ్యిలో పిల్లి లేవదు."

"నాదేముంది, చూసి చెప్పడమే. పేల్చేది మేనేజరుగారు."

అది పార్సిళ్లు చేరవేసే కంపెనీ. ఆ శాఖకు ఒక పద్ధతి ఉంది. సరుకు రెండు రోజుల్లో వస్తుందని స్టోరుకీపరుకు తెలిస్తే, ఎందుకైనా మంచిదని మూడంటాడు. బుకింగు గుమాస్తా, అంటే అతని బావమరిది, ఎందుకైనా మంచిదని నాలుగంటాడు. మేనేజరు ఐదని మాట ఇస్తాడు. రెండో రోజునే సరుకు అందుకున్న ఖాతాదారు, ఇంత పనిమంతులు లోకంలో లేరనుకుంటాడు. ముగ్గురూ ఉప్పు వేసిన ఆ కూరను జనం ఇన్నేళ్లుగా లొట్టలేసుకుంటూ తింటున్నారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. స్టోరుకీపరు మేనేజరుతో నేరుగా మాట్లాడడు. ఏది చెప్పాలన్నా గుమాస్తా నోటి మీదుగానే వెళ్లాలి.

ఆటలో వాళ్ల వంతుకు వచ్చింది ముట్టడి మోర్టారు. పొట్టిగా, లావుగా, ఆకాశం వైపు నోరు తెరుచుకుని కూర్చునే ఫిరంగి అది. కోటగోడ మీదుగా గుండును అవతలికి విసురుతుంది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు గుట్ట మీద దుర్భిణి పట్టుకుని దూరం ఎంతో రేడియోలో చెప్పాలి. రెండోవాడు అది విని, గుండు నింపి, ఆ అంకెను మూడోవాడికి అందించాలి. మూడోవాడు ఆ దూరానికి తిప్పి పేల్చాలి. గోడ అవతల ఏం జరుగుతోందో పేల్చేవాడికి కనిపించదు. అచ్చం ఆఫీసులా ఉందని మేనేజరు ముచ్చటపడి పేల్చే పని తీసుకున్నాడు. ఆయన తన గదిలో, గుమాస్తా కౌంటరు దగ్గర, స్టోరుకీపరు వెనక గోడౌన్లో, ఎవరి కంప్యూటరు ముందు వాళ్లు కూర్చున్నారు.

కొట్టాల్సింది గోడ అవతలి శత్రువుల ఫిరంగిని. దుర్భిణిలో దూరం మూడువందల మీటర్లని స్పష్టంగా కనిపించింది. గోడకు ఇవతల మనవాళ్లు నక్కి ఉన్నారు. గుండు ముందే పడితే వాళ్లు చస్తారు. అందుకని స్టోరుకీపరు, "మూడువందల ఇరవై," అన్నాడు. గుమాస్తా దాన్ని మూడువందల యాభై చేశాడు. మేనేజరు నాలుగువందలకు తిప్పి పేల్చాడు.

గుండు ఫిరంగిని దాటి, కోట వెనక గుమ్మం దగ్గర పడింది. అక్కడ దొంగచాటుగా పాకుతూ వస్తున్న మనవాళ్లే నలుగురు ఎగిరిపోయారు.

"ఒరే, మనవాళ్ల మీదే పడింది. తగ్గించమని చెప్పు," అన్నాడు స్టోరుకీపరు రేడియోలో.

మేనేజరుగారు తప్పు పేల్చారని మేనేజరుగారికి చెప్పడం గుమాస్తా ఎరగడు. "అద్భుతంగా పడింది సార్," అన్నాడు. "కాస్త తగ్గిస్తే ఇంకా బాగుంటుంది."

"అద్భుతంగా పడితే తగ్గించడం దేనికయ్యా? గుండు నింపు."

చచ్చినవాళ్లు మళ్లీ పుట్టి, మళ్లీ అదే దారిన పాకుతూ వచ్చి, మళ్లీ చచ్చారు. ఈసారి స్టోరుకీపరు దుర్భిణిలో బొమ్మను దగ్గరికి లాగి శవాల మీద పేర్లు చదివాడు. ముందున్న శవం డైరెక్టరుగారిది. మనుషుల్ని తగ్గించే మనిషి ఆయనే. ఇంటి గుమ్మంలో నిలబడ్డ భార్య స్టోరుకీపరు కళ్ల ముందు మెదిలింది.

"ఆపమనరా. అక్కడున్నది డైరెక్టరుగారు."

"ఆపమని నేనెలా అంటాను బావా? నువ్వే వచ్చి చెప్పు."

పద్ధతిని పక్కనపెట్టి స్టోరుకీపరు గోడౌన్ నుంచి పరుగెత్తాడు. పార్సిళ్ల మధ్య మోకాలు కొట్టుకున్నాడు. అతను మేనేజరు గది చేరేలోగా మూడో గుండు కూడా వెళ్లిపోయింది.

"సార్, మీరు కొడుతున్నది డైరెక్టరుగార్ని."

మేనేజరు కంగారులో మౌసును పక్కకు లాగేశాడు. మోర్టారు గిర్రున తిరిగి, నింపి ఉన్న నాలుగో గుండు ఎటో పోయింది. ఎటు పోయిందో గోడౌన్‌కు తిరిగొచ్చాక తెలిసింది. గుట్ట మీద స్టోరుకీపరు సైనికుడు వెల్లకిలా పడి ఉన్నాడు. కోట శత్రువులకే దక్కింది.

కాసేపటికి ముగ్గురినీ మేనేజరు గదిలో నిలబెట్టి, డైరెక్టరు వీడియో కాల్లో తెర మీద ప్రత్యక్షమయ్యాడు. కోపం లేదు. అదే భయంగా ఉంది.

"నాలుగువందలని ఎవరు చెప్పారు?"

"నాకు మూడువందల యాభై అని వచ్చింది సార్. శాఖ గౌరవం కొద్దీ నాలుగువందలు పెట్టాను," అన్నాడు మేనేజరు.

"మా దగ్గర అలవాటే అంత సార్," అని గుమాస్తా అడ్డుపడ్డాడు. "పార్సిలు రోజులకు కూడా చేతికొకటి చొప్పున కలుపుతాం. ఎవరికీ నష్టం లేదు."

డైరెక్టరు స్టోరుకీపరు వైపు చూశాడు. "కళ్లతో చూసేది మీరే కదా. ఆట సంగతి వదిలేయండి. మీ శాఖ నడవడానికి నిజంగా ఎంతమంది కావాలి?"

అలవాటు ప్రకారం నాలుక మీదికి పది వచ్చింది. స్టోరుకీపరు దాన్ని మింగేశాడు. అబద్ధపు అంకెలు ఏం చేస్తాయో ఇప్పుడే చూశాడు. బతుకులో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది, చెప్పేటప్పుడు గుండె తేలికపడింది కూడా.

"తొమ్మిది మంది సార్. ఇప్పుడున్నదీ తొమ్మిది మందిమే. ఒక్కరు తగ్గినా లారీలో సరుకు దిగదు. పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు."

"తొమ్మిది," అని డైరెక్టరు తల పంకించాడు. "చేతికొకటి చొప్పున మూడు చేతులు. మూడు తీసేస్తే ఆరు. ఆరుగురు చాలు."

ఆ ముగ్గురూ ఎవరో ఆయన వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తెర మీద వరుసగా నిలబడే ఉన్నారు.

మధ్యాహ్నానికల్లా స్టోరుకీపరు అనుకున్నట్టే ఇల్లు చేరాడు. వెనకే బావమరిది తల వంచుకుని వచ్చాడు. భార్య చెప్పులు వేసుకుంటూ, "ఎవరితోనూ గొడవ కాలేదు కదా?" అంది.

"లేదు. డైరెక్టరుగారు నన్ను అడిగారు. నిజం చెప్పాను."

ఆ శాఖ నుంచి ఇన్నేళ్లలో బయటికి వెళ్లిన నిజమైన అంకె అదొక్కటే, సరిగ్గా వచ్చి తగిలిందీ అదొక్కటే.