ఇన్‌స్టాలర్ లేని భాష

శుక్రవారం భూపాల్ పెట్టుకున్న పని ఒక్కటే. ఆబిడ్స్‌లో వైర్ల దుకాణం పైనున్న అతని ఆఫీసు గదికి హిమాయత్‌నగర్ స్కూలు కరస్పాండెంట్ వసుమతి వస్తారు. పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పడానికి తాను తయారుచేసిన కంప్యూటర్ భాషను ఆమెకు చూపించాలి. ఆమె ఒప్పుకుంటే, భూపాల్ కాక మరొకరు ఆ భాషను వాడటం అదే మొదటిసారి. ఒప్పుకోకపోతే గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగంలో చేరిపోతానని అతని వ్యాపార భాగస్వామి యూనీస్ ముందే చెప్పింది.

యూనీస్‌కు భాషతో పేచీ లేదు, ఇన్‌స్టాలర్‌తోనే. ఇతరులు రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టలను, అంటే ప్యాకేజీలను, నెట్ నుంచి తెచ్చి కంప్యూటర్లో పెట్టే చిన్న ప్రోగ్రాం అది. దాన్ని భాషతో కలిపి ఇవ్వాలని ఆమె, వద్దని అతను ఏడాదిగా వాదించుకుంటున్నారు.

"ఇల్లు కట్టిచ్చినోడే కిరాణ దుకాణం గూడ పెట్టియ్యాల్నా?" అన్నాడు భూపాల్ ఆ పొద్దున కూడా. "ఎవనికి నచ్చిన దుకాణంల వాడు కొనుక్కుంటడు."

"దుకాణం ఏడుందో తెల్వాలె గద ముందు. ఇయ్యాల మేడం బొమ్మ గియ్యమంటే ఏం చేస్తవ్?"

"బొమ్మలెవరడుగుతరు?"

వసుమతి కుర్చీలో కూర్చోగానే బొమ్మ అడిగారు.

"మా పిల్లలకు బొమ్మ కదిలితేనే చదువు. ఒక పిల్లిని నడిపించండి, చూద్దాం."

బొమ్మల ప్యాకేజీ విడిగా ఉంది. దాన్ని తేవడానికి ఇన్‌స్టాలర్ కావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎలా ఉంటుందో చూపాలని భూపాల్ ఆ ఉదయమే కంప్యూటర్ మొత్తం ఖాళీ చేశాడు. ఇన్‌స్టాలర్ దించితే, తనను విప్పడానికి ఇంకో ప్రోగ్రాం కావాలంది. దాన్ని దించుతుండగా ఆఫీసు నెట్ పోయింది. యూనీస్ తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చింది. సగం దిగాక వాళ్లమ్మ ఆగ్నెస్ ఫోన్ చేసి టిఫిన్ తిన్నావా అని అడిగింది. నెట్ తెగింది. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు. ఇందాక ఎందుకు పెట్టేశావని అడగడానికి ఆగ్నెస్ మళ్లీ ఫోన్ చేసింది.

"నా ఫోన్ తీసుకోండి," అన్నారు వసుమతి.

భూపాల్ అందులో కాల్స్ రాకుండా ఆపి, సిగ్నల్ కోసం కిటికీలో పెట్టాడు. కాసేపటికి పిల్లి తెర మీదికి వచ్చింది. నడిచింది. వసుమతి చప్పట్లు కొట్టారు. అప్పుడే డ్రైవర్ వెంకీ ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు.

"ఎన్నిసార్లు చేసినా మీ ఫోన్ కలుస్తలేదు మేడం. ట్రాఫిక్ పోలీసులు బండి తియ్యమన్నరు. తాళంచెవి మీ బ్యాగులనే ఉండె."

"పైకి రావాల్సింది కదా వెంకీ."

"ఏ మెట్లో తెల్వక పక్క బిల్డింగులన్నీ ఎక్కి దిగిన. వచ్చేసరికి క్రేన్‌కు కట్టి గుంజుకపోయిన్రు."

"ఎక్కడికి?"

"నాంపల్లి దిక్కు."

నలుగురూ ఒకే ఆటోలో బయలుదేరారు. వెంకీ ఆటో అతని పక్కన ఇరుక్కున్నాడు. నాంపల్లి స్టేషన్ దగ్గరపడింది.

"తప్పు నాదే మేడం," అన్నాడు భూపాల్. "ఇయ్యాల్నే ఇన్‌స్టాలర్‌ను భాషల కలిపేస్త. ఒక్క ముక్క కొడితే చాలు, పిల్లలు ఏదంటే అది దించుకుంటరు."

ఏడాది వాదన గెలిచిన యూనీస్ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

"ఏదంటే అదా?" అన్నారు వసుమతి.

"ఔ మేడం. ఆటలు గూడ."

"మరి ఇప్పుడున్నట్టే ఉంచితే?"

భూపాల్ కొంచెం ఆలోచించాడు. "ఎవ్వరూ ఏం దించలేరు మేడం. మీరే చూసిన్రు గద."

"చూశాను. రాసినాయనే ఇంత తంటాలుపడితే, ఒక్క పిల్లి వచ్చింది." ఆమె బ్యాగు సర్దుకున్నారు. "మా ల్యాబులో పిల్లలు దించిన ఆటలు తీసెయ్యడానికే ఒక సారును పెట్టుకున్నాం బాబూ. ఈ భాష మాకు కావాలి. పిల్లిని మీరే ఎక్కించి ఇవ్వండి. ఇన్‌స్టాలర్ మాత్రం ఎప్పటికీ కలపబోమని రాసివ్వాలి."

"అట్లగాదు మేడం, అసలు భాషన్నంక ఇన్‌స్టాలర్ లేకుంటే..."

యూనీస్ అతని కాలు తొక్కింది. "కలపం మేడం. మొదటి నుంచి మా పద్ధతే అది."

యూనీస్ బ్యాంకులో చేరలేదు. భాషతో పాటు ఇన్‌స్టాలర్ ఇవ్వాలని ఆ ఆఫీసులో ఇప్పుడు వాదిస్తున్నది భూపాల్ ఒక్కడే.